రాజు సొత్తు, రాజ్యం సొత్తు

నేడు ప్రపంచంలో నలభైకి పైగా దేశాలకు రాజు గానీ రాణి గానీ సుల్తాను గానీ అధినేతగా ఉన్నారు. వాటిలో పదిహేను దేశాలకు బ్రిటన్ రాజు ఒక్కరే అధినేత. ఈ రాజకుటుంబాల ఐశ్వర్యాన్ని లెక్కగట్టి, ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చే జాబితాలు ఏటా వెలువడుతూనే ఉంటాయి గాని, ఆ లెక్కల్లో మూడు వేర్వేరు రకాల ఆస్తులు కలగాపులగంగా చేరి ఉంటాయి. మొదటిది, ఏ గృహస్థుకైనా ఉన్నట్టే రాజుకు సొంతంగా ఉండి, అమ్ముకోవడానికీ వీలునామా రాయడానికీ ఆయనకు హక్కున్న ఆస్తి. రెండవది, సింహాసనానికి అంటిపెట్టుకొని ఉండి, ఎవరు పట్టాభిషిక్తులైతే వారి అనుభవంలోకి వచ్చి, వారి పాలన ముగియగానే తరువాతి వారికి సంక్రమించే ఆస్తి. మూడవది, రాజు నివాసంలోనో వాడుకలోనో ఉన్నప్పటికీ నిజానికి ప్రభుత్వానిదైన ఆస్తి. ఆధునిక రాచరికపు చరిత్రలో సగానికి పైగా ఈ మూడింటి మధ్య గీతలు గీసే ప్రయత్నమే. ఆ గీత ఎక్కడ పడిందన్న దాన్ని బట్టే రాజు పాత్ర పాలకుడిదా, లాంఛనప్రాయమైన అధినేతదా అన్నది చాలా దేశాల్లో తేలిపోయింది.

ఈ గీత అతి నెమ్మదిగా, ఎక్కువ పత్రాల సాక్ష్యంతో పడిన దేశం ఇంగ్లండ్ కాబట్టి అక్కడి కథను కొంత వివరంగా చూడటం అవసరం. మధ్యయుగాల్లో ఇంగ్లండ్ రాజు మామూలు రోజుల్లో తన భూముల రాబడితోనే ఇల్లూ రాజ్యమూ నడుపుకోవాలనీ, యుద్ధం వంటి అసాధారణ అవసరాలకు మాత్రమే పార్లమెంటును పన్నులు అడగాలనీ ఒక ఆచారం ఉండేది. రాజుల భూములు దానాలకూ అమ్మకాలకూ కరిగిపోతున్న కొద్దీ ఈ ఆచారం నిలవలేకపోయింది. 1688 విప్లవం తరువాత పార్లమెంటు సైన్యం ఖర్చును తన అదుపులోకి తీసుకొని, సైన్యేతరమైన పాలనా వ్యయానికీ రాజు గృహ వ్యయానికీ కలిపి 1698లో మూడవ విలియంకు ఏడాదికి 7 లక్షల పౌండ్ల రాబడిని కేటాయించింది. దీనికే సివిల్ లిస్ట్ అన్న పేరు స్థిరపడింది. న్యాయమూర్తుల, రాయబారుల జీతాలు మొదలుకొని అంతఃపుర వంటశాల ఖర్చు దాకా అన్నీ ఆ పద్దులోనే ఉండేవి. 1702లో రాణి ఆన్ కాలంలో వచ్చిన చట్టం రాజభూములను శాశ్వతంగా ఇతరులకు ధారాదత్తం చేసే అధికారాన్ని కత్తిరించింది.

1760లో మూడవ జార్జి సింహాసనమెక్కినప్పుడు జరిగిన ఒప్పందాన్ని బ్రిటిష్ రాచరికపు ఆర్థిక చరిత్రకు పునాదిగా చెబుతారు. వంశపారంపర్యంగా వస్తున్న రాబడులను, అంటే రాజభూముల శిస్తుతో పాటు కొన్ని సుంకాలను, తపాలా ఆదాయాన్ని పార్లమెంటుకు వదులుకొని, అందుకు ప్రతిగా ఏడాదికి 8 లక్షల పౌండ్ల స్థిరమైన మొత్తాన్ని ఆయన అంగీకరించాడు. ఆ తరువాత వచ్చిన ప్రతి రాజూ తన పాలన మొదట్లో ఈ త్యాగాన్ని మళ్లీ చేస్తూ వచ్చారు. రాచరికాన్ని సమర్థించేవారు దీన్ని చూపి, రాజు తన సొంత భూములు జాతికి ఇచ్చి అందులో ఒక పాలు మాత్రమే తిరిగి తీసుకుంటున్నాడని వాదిస్తారు. ఈ వాదంలో పస తక్కువ. ఆ భూముల నికర రాబడి అప్పట్లో స్వల్పం. పైగా అవి రాజు సొంత భూములు కావు, పాలనా వ్యయాన్ని మోసే బాధ్యతతో ముడిపడిన భూములు. భూములతో పాటు ఆ బరువు కూడా క్రమంగా రాజు భుజాల మీది నుంచి దిగిపోయింది. స్థిరమైన మొత్తం చాలక మూడవ జార్జి చేసిన అప్పులను తీర్చడానికి పార్లమెంటు 1769లోనే 5 లక్షల పౌండ్లకు పైగా చెల్లించవలసి వచ్చింది. ఆ డబ్బులో కొంత పింఛన్ల రూపంలో సభ్యులను లోబరచుకోవడానికి పోతున్నదన్న అనుమానం బలపడి, పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ పూనికతో 1782లో వచ్చిన చట్టం రాజు ఖర్చుల పద్దులను మొదటిసారిగా పార్లమెంటు విచారణకు లోబరచింది. 1830లో నాలుగవ విలియం కాలానికి పాలనా వ్యయమంతా ప్రభుత్వ ఖజానాకు మారి, సివిల్ లిస్ట్ రాజు కుటుంబానికీ కొలువుకూ మాత్రమే పరిమితమైంది. 1837లో విక్టోరియాకు ఏడాదికి 3,85,000 పౌండ్లు నిర్ణయించారు.

ఇక్కడ తరచుగా మరుగున పడిపోయే ఒక చట్టం ఉంది. 1800 సంవత్సరం దాకా ఇంగ్లండ్ రాజుకు సొంత భూమి అనేదే చట్టరీత్యా లేదు. ఆయన తన డబ్బుతో కొన్న పొలమైనా సింహాసనపు భూమిలో కలిసిపోయేది. ఆ ఏడాది వచ్చిన చట్టం రాజు వ్యక్తిగా కూడా భూమి కొని, ఉంచుకొని, తనకు నచ్చినవారికి రాసి ఇవ్వవచ్చునని అనుమతించింది. విక్టోరియా భర్త ఆల్బర్ట్ 1852లో కొన్న స్కాట్లండ్‌లోని బాల్మోరల్, 1862లో యువరాజు కోసం కొన్న నార్ఫోక్‌లోని సాండ్రింగ్‌హామ్ తరువాతి రాజుల సొంత ఆస్తులుగా నిలవడానికి మార్గం ఈ చట్టం తెరిచినదే. దాని పర్యవసానం 1936లో స్పష్టంగా కనిపించింది. ఎనిమిదవ ఎడ్వర్డ్ డిసెంబరులో సింహాసనం వదులుకోగానే బకింగ్‌హామ్ రాజప్రాసాదం, విండ్సర్ కోట, కిరీటాలు, ఆభరణాలు ఏ క్రయపత్రమూ లేకుండా తమ్ముడు ఆరవ జార్జికి సంక్రమించాయి. సాండ్రింగ్‌హామ్, బాల్మోరల్ మాత్రం తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన సొంత ఆస్తులు కావడం వల్ల మాజీ రాజు వద్దనే ఉండిపోయాయి. కొత్త రాజు వాటిని అన్న దగ్గర డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. సింహాసనపు ఆస్తికీ సింహాసనం మీద కూర్చున్న మనిషి ఆస్తికీ గల తేడాను ఇంతకంటె సూటిగా చూపే సంఘటన ఆధునిక చరిత్రలో అరుదు.

ఈ రెంటికీ మధ్య ఏ వర్గంలోనూ పూర్తిగా ఇమడని రెండు పురాతన ఎస్టేట్లు ఉన్నాయి. 1337లో మూడవ ఎడ్వర్డ్ తన పెద్దకొడుకు పోషణకై ఏర్పరచిన కార్న్‌వాల్ డచీ నేటికీ యువరాజుకు ఆదాయాన్నిస్తున్నది. 1399లో నాలుగవ హెన్రీ ఇతర రాజభూముల నుంచి విడిగా ఉంచిన లాంకాస్టర్ డచీ రాజుకు ఆదాయాన్నిస్తున్నది. డచీ అంటే డ్యూక్ బిరుదుతో ముడిపడిన భూవసతి. ఇటీవలి సంవత్సరాల్లో ఒక్కొక్కదాని మిగులు ఏడాదికి 2 కోట్ల పౌండ్లకు పైనే ఉంది. అనుభవించేవారికి ఆదాయం మీద హక్కేగాని మూలధనాన్ని అమ్ముకొని తినే హక్కు లేదు. పెద్ద లావాదేవీలకు ప్రభుత్వ ఖజానా శాఖ అనుమతి కావాలి. అయినా ఇవి కంపెనీల మీద వేసే పన్నుకు లోబడవు. ఆ ప్రాంతాల్లో వీలునామా రాయకుండా, వారసులు లేకుండా మరణించినవారి ఆస్తి కూడా ఈ డచీలకే చేరుతుంది. ఖర్చులు పోగా మిగిలినదాన్ని ధర్మకార్యాలకు మళ్లిస్తున్నప్పటికీ, ఏడు శతాబ్దాల నాటి హక్కు ఒకటి నేటికీ అమలులో ఉండటం గమనించదగిన విషయం.

పన్నుల విషయంలో గీత ముందుకూ వెనక్కూ జరిగింది. 1842లో ఆదాయపు పన్ను తిరిగి ప్రవేశపెట్టినప్పుడు విక్టోరియా స్వచ్ఛందంగా చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి సగంలో ఒక్కొక్క మినహాయింపుతో ఆ చెల్లింపు పూర్తిగా ఆగిపోయింది. 1992 నవంబరులో విండ్సర్ కోటలో మంటలు చెలరేగి, మరమ్మతు ఖర్చు ప్రజలు భరించాలా అన్న ప్రశ్న దేశమంతటా రేగినప్పుడు, రెండవ ఎలిజబెత్ మరుసటి సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చెల్లిస్తారని ప్రధాని జాన్ మేజర్ ప్రకటించాడు. ఖర్చులో అధికభాగాన్ని సమకూర్చుకోవడానికి 1993 నుంచి బకింగ్‌హామ్ రాజప్రాసాదాన్ని వేసవిలో సందర్శకులకు టిక్కెట్టు మీద తెరిచారు. అయితే ఒక రాజు నుంచి తరువాతి రాజుకు పోయే ఆస్తి మీద వారసత్వపు పన్ను లేదు. రాజకుటుంబీకుల వీలునామాలను కోర్టు ముద్ర వేసి మూసివేసే ఆనవాయితీ కూడా కొనసాగుతున్నది. 2021లో రెండవ ఎలిజబెత్ భర్త ప్రిన్స్ ఫిలిప్ వీలునామాను తొంభై ఏళ్లపాటు తెరవరాదని కోర్టు నిర్ణయించింది. సొంత ఆస్తి ఎంతో తెలిసే మార్గం ఇలా మూసుకుపోయినప్పుడు పత్రికల అంచనాలు ఊహలుగానే మిగులుతాయి.

1760 ఒప్పందం నుంచి రెండున్నర శతాబ్దాలు నడిచిన సివిల్ లిస్ట్ పద్ధతికి 2011 చట్టం స్వస్తి చెప్పి, దాని స్థానంలో సావరిన్ గ్రాంట్‌ను తెచ్చింది. 1760లో వదులుకున్న రాజభూములే నేటి క్రౌన్ ఎస్టేట్. లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ భవనాలు, వ్యవసాయ భూములు, ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ తీరాల చుట్టూ పన్నెండు నాటికల్ మైళ్ల దాకా సముద్రగర్భం దాని కింద ఉన్నాయి. అది ప్రభుత్వానిదీ కాదు, రాజు సొంతమూ కాదు. సింహాసనం పేరిట ఉండి, స్వతంత్ర కమిషనర్ల నిర్వహణలో లాభాన్ని ఖజానాకు జమచేసే సంస్థ. ఆ లాభంలో 15 శాతానికి సమానమైన మొత్తాన్ని ఖజానా నుంచి రాజు అధికారిక వ్యయానికి ఇవ్వాలనీ, ఏ ఏడాదీ ముందటి ఏడాదికంటె తగ్గరాదనీ చట్టం నిర్దేశించింది. బకింగ్‌హామ్ రాజప్రాసాదపు పాత విద్యుత్ తీగలూ గొట్టాలూ మార్చే 36.9 కోట్ల పౌండ్ల పని కోసం ఈ నిష్పత్తిని 25 శాతానికి పెంచారు. ఇంతలో సముద్రంలో గాలిమరలు నెలకొల్పే కంపెనీలు సముద్రగర్భపు కౌలుకు భారీ రుసుములు చెల్లించడంతో ఎస్టేట్ లాభం 100 కోట్ల పౌండ్లు దాటింది. నిష్పత్తిని 12 శాతానికి తగ్గించినా 2012–13లో 3.1 కోట్లుగా ఉన్న గ్రాంటు 2025–26 నాటికి 13.21 కోట్ల పౌండ్లకు చేరింది. రాజు చేసే పనికీ ఈ పెరుగుదలకూ ఏ సంబంధమూ లేదు. వేతనాన్ని లాభంతో ముడిపెట్టిన సూత్రమే లోపభూయిష్టమైనదన్న విమర్శ న్యాయమైనదే.

ఇంత డబ్బుకు ప్రతిగా రాజు నిర్వహించే పాత్రను రచయిత వాల్టర్ బేజట్ 1867లోనే మూడు హక్కులుగా సంగ్రహించాడు: మంత్రులు ఆయనను సంప్రదించాలి, ఆయన వారిని ప్రోత్సహించవచ్చు, హెచ్చరించవచ్చు. ప్రధానితో వారం వారం జరిగే ఏకాంత సమావేశం ఈ మూడింటికీ వేదిక. దీనికి తోడు, సింహాసనపు ఆస్తులకూ ప్రయోజనాలకూ సంబంధించిన బిల్లు ఏదైనా పార్లమెంటులో ముందుకు సాగాలంటే రాజు సమ్మతి ముందుగా తీసుకోవాలనే ఆచారం ఉంది. లాంఛనమని పైకి చెప్పినా, తన ఆస్తిని తాకే చట్టాన్ని ముందే చూసే అవకాశం ఏ సామాన్య పౌరుడికీ లేదు.

బ్రిటన్‌లో మూడు వందల ఏళ్లు పట్టిన పని జపాన్‌లో ఒక్క ఏడాదిలో జరిగింది. మెయిజీ కాలపు నాయకులు, ముఖ్యంగా ఇవాకురా తొమొమి, పార్లమెంటు ఏర్పడకముందే చక్రవర్తికి పార్లమెంటు చేయి పడని ఆస్తి ఉండాలని భావించారు. దాని ఫలితంగా 1880లలో ప్రభుత్వ అడవులు విస్తారంగా, బ్యాంక్ ఆఫ్ జపాన్ వంటి సంస్థల వాటాలు చక్రవర్తి కుటుంబానికి బదిలీ అయి, 1890లో పార్లమెంటు తొలిసారి సమావేశమయ్యే నాటికి చక్రవర్తి దేశంలోకెల్లా పెద్ద భూస్వాముల్లో ఒకడయ్యాడు. ప్రజాప్రతినిధులు బడ్జెట్‌ను అడ్డుకున్నా రాచరికం తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. రెండవ ప్రపంచయుద్ధంలో ఓటమి తరువాత అమెరికన్ ఆక్రమణ యంత్రాంగం ఆ వేరునే నరికింది. చక్రవర్తి ఆస్తి మీద కూడా ఆస్తిపన్ను వేసి అందులో అత్యధికభాగాన్ని ప్రభుత్వానికి మళ్లించారు. 1947లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 88వ అధికరణం చక్రవర్తి కుటుంబపు ఆస్తి యావత్తూ రాజ్యానిదేననీ, ఖర్చులన్నీ పార్లమెంటు ఆమోదంతో బడ్జెట్ నుంచే రావాలనీ శాసించగా, 8వ అధికరణం పార్లమెంటు అనుమతి లేకుండా ఆ కుటుంబానికి ఆస్తి ఇవ్వడాన్నీ దాని నుంచి పుచ్చుకోవడాన్నీ నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో పదకొండు శాఖా కుటుంబాలకు చెందిన యాభై ఒక్కమంది రాజకుటుంబ హోదా కోల్పోయి సామాన్య పౌరులయ్యారు.

చక్రవర్తి దంపతులు, వారి దగ్గరి కుటుంబం సొంతంగా ఖర్చు చేసుకోవడానికి ఇచ్చే మొత్తం 1996 నుంచి ఏడాదికి 32.4 కోట్ల యెన్‌ల వద్దనే నిలిచి ఉంది. సింహాసనంతో పాటు సంక్రమించే అద్దం, ఖడ్గం, మణి అనే మూడు పవిత్ర చిహ్నాలకు వారసత్వపు పన్ను మినహాయింపు ఉంది. చక్రవర్తి సొంత ధనానికి మాత్రం ఆ మినహాయింపు లేదు. పాత్ర విషయంలోనూ ఇదే కచ్చితత్వం కనిపిస్తుంది: చక్రవర్తి రాజ్యానికి చిహ్నం మాత్రమేననీ, ప్రభుత్వాధికారం ఆయనకు ఏదీ లేదనీ రాజ్యాంగం నేరుగా చెబుతుంది. ప్రపంచంలోని రాచరికాలన్నిటిలో ఆస్తి గీత ఇంత స్పష్టంగా ఉన్నది మరొకటి లేదనవచ్చు.

గీత గీసిన తరువాత చెరిపివేసిన దేశం థాయిలాండ్. ఐదవ రాముడని పేరుపొందిన చూలాలోంగ్‌కర్న్ 1890లో రాజు ధనాగారాన్ని ప్రత్యేక కార్యాలయంగా ఏర్పరచి, బాంకాక్ స్థలాల్లోనూ వ్యాపారాల్లోనూ పెట్టుబడి పెట్టించాడు. సియాం కమర్షియల్ బ్యాంకు, 1913లో స్థాపితమైన సియాం సిమెంట్ ఆ పెట్టుబడితో ఎదిగినవే. 1932 విప్లవం నిరంకుశ రాచరికాన్ని అంతం చేశాక, 1936 చట్టం రాజు ఆస్తులను సొంత ఆస్తి, సింహాసనపు ఆస్తి, ప్రజల ఆస్తి అని మూడుగా విడదీసింది. 1948 సవరణ సింహాసనపు ఆస్తి నిర్వహణను రాజు నియమించే బోర్డుకు అప్పగించి, దాని ఆదాయాన్ని రాజు అభీష్టానికి వదిలినప్పటికీ, ఆ ఆస్తి ఆయన సొంతం కాదన్న సూత్రం మాత్రం నిలిచింది. 2008లో ఫోర్బ్స్ పత్రిక థాయ్ రాజును 3,500 కోట్ల డాలర్లతో ప్రపంచంలోకెల్లా సంపన్నుడైన రాజుగా పేర్కొన్నప్పుడు, అది సింహాసనపు ఆస్తి గాని రాజు సొంత ఆస్తి కాదని థాయ్ విదేశాంగశాఖ అభ్యంతరం తెలిపింది. పదేళ్లు తిరగకుండానే ఆ సమాధానానికి ఆధారం లేకుండా పోయింది: 2017, 2018 చట్టాలు సింహాసనపు ఆస్తి నిర్వహణను పూర్తిగా రాజు విచక్షణకు వదలగా, బ్యాంకు, సిమెంటు కంపెనీల వాటాలు పదవ రాముడు వజిరలోంగ్‌కర్న్ పేరిట నమోదయ్యాయి. 2020 ఆగస్టులో తమ్మసాట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ప్రకటించిన పది డిమాండ్లలో సింహాసనపు ఆస్తిని సొంత ఆస్తి నుంచి తిరిగి విడదీయాలన్నది ఒకటి. రాజును కించపరిస్తే మూడు నుంచి పదిహేనేళ్ల ఖైదు విధించే 112వ సెక్షన్ కింద వారిలో పలువురు కేసుల పాలయ్యారు. ఆస్తి లెక్క అడగడమే నేరంగా మారే చోట రాజు పాత్ర లాంఛనప్రాయమని చెప్పడం సత్యదూరం.

తక్కిన దేశాల్లో కొన్నిటిని క్లుప్తంగా చూడవచ్చు. స్పెయిన్‌లో 1978 రాజ్యాంగం రాజుకు బడ్జెట్ నుంచి ఏకమొత్తం ఇస్తుంది, రాజప్రాసాదాలు ప్రభుత్వానివి. తండ్రి హువాన్ కార్లోస్ విదేశీ ఖాతాల గురించిన ఆరోపణలు ముదిరినప్పుడు రాజు ఆరవ ఫిలిప్పే 2020 మార్చిలో ఆయన నుంచి తనకు రావలసిన వారసత్వాన్ని వదులుకుంటున్నట్టు ప్రకటించి, తండ్రి వార్షిక భత్యాన్ని రద్దు చేసి, 2022లో తన సొంత ఆస్తి సుమారు 26 లక్షల యూరోలని వెల్లడించాడు. లీక్టెన్‌స్టైన్‌లో పరిస్థితి దీనికి తలకిందులు. ఆ వంశం 1699లోనూ 1712లోనూ రెండు చిన్న వసతులను డబ్బిచ్చి కొన్నది. వాటి కలయికే ఆ దేశం. బ్యాంకు, భూములు, చిత్రసంపద గల ఆ రాజు ప్రభుత్వం నుంచి జీతం తీసుకోడు. లియొనార్డో డావించీ గీసిన ఒక చిత్రాన్ని 1967లో వాషింగ్టన్ జాతీయ చిత్రశాలకు అమ్మి ఆ కుటుంబం తన ఇబ్బందులు తీర్చుకుంది. ఎవరి మీదా ఆధారపడని రాజు కాబట్టే రెండవ హాన్స్ ఆడమ్ తన అధికారాలను పెంచే రాజ్యాంగ సవరణను అంగీకరించకపోతే దేశం విడిచి వియన్నాకు వెళతానని చెప్పగలిగాడు. 2003 ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 64 శాతం ఓటర్లు ఆయన పక్షాన నిలిచారు. సౌదీ అరేబియాలో 1938లో చమురు బయటపడిన తరువాత రెండు దశాబ్దాలపాటు రాజు ఖజానాకూ రాజ్యపు ఖజానాకూ మధ్య చెప్పుకోదగిన గోడ లేదు. 1958లో యువరాజు ఫైసల్ ఆర్థిక వ్యవహారాలు చేపట్టి ఖర్చుకు కళ్లెం వేయడంతో మొదలైన ఘర్షణ 1964లో రాజు సౌద్ పదవీచ్యుతితో ముగిసింది.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న హైదరాబాదు సంస్థానంలో అత్యంత తీవ్రంగా తలెత్తింది. అక్కడి భూమి మూడు తరగతులుగా ఉండేది. ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసే దివానీ లేక ఖాల్సా భూములు సుమారు 60 శాతం. జాగీర్దార్లు, పాయెగా కుటుంబాల వంటి ప్రభువర్గాల చేతుల్లో సుమారు 30 శాతం. నిజాం సొంత ఖర్చుకై ప్రత్యేకించిన సర్ఫెఖాస్ భూములు సుమారు 10 శాతం. హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫెఖాస్‌లో ముఖ్యమైనది. పేరుకు ఇది రాజు సొంత ఆస్తికీ రాజ్యపు ఆస్తికీ మధ్య గీసిన గీతే. కాని ఆ గీత కాగితం మీద ఉన్నంత స్పష్టంగా ఆచరణలో లేదు. రెండు భాగాలకూ అంతిమ అధికారి ఒక్కడే, ఆయన ఫర్మానాకు అప్పీలు లేదు, ఆయన సొంత ఖజానా లెక్క అడిగే శాసనసభ లేదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ చిత్రాన్ని 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ప్రకటించినప్పుడు, ఆ ధనానికి మూలమైన పల్లెల్లో వెట్టి చేసే కుటుంబాలు ఉన్నాయన్న సంగతి ఆ కీర్తి వెనుక మరుగైపోయింది. తెలంగాణ రైతు పోరాటం 1946లో రాజుకున్నది ఆ పల్లెల్లోనే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో సంస్థానం భారత యూనియన్ అధీనంలోకి వచ్చాక, 1949 ఫిబ్రవరిలో ఒక ఫర్మానా ద్వారా సర్ఫెఖాస్ దివానీలో కలిసిపోయింది. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు నిబంధన వచ్చింది. 1950 నాటి ఏర్పాటు ప్రకారం నిజాంకు రాజభరణంగా ఏడాదికి 50 లక్షల రూపాయలు, సర్ఫెఖాస్ రాబడికి బదులుగా 25 లక్షలు, రాజప్రాసాదాల నిర్వహణకు 25 లక్షలు, వెరసి కోటి రూపాయలు నిర్ణయమయ్యాయి. రాజభరణం అంటే అధికారం వదులుకున్న సంస్థానాధీశుడికి భారత ప్రభుత్వం ఏటా చెల్లిస్తానని రాజ్యాంగపు 291వ అధికరణంలో హామీ ఇచ్చిన మొత్తం. సాధారణ సూత్రం ప్రకారం సంస్థానపు వార్షిక రాబడిలో మొదటి లక్షకు 15 శాతం, తరువాతి నాలుగు లక్షలకు 10 శాతం, ఆపైన ఏడున్నర శాతం లెక్కగట్టి 10 లక్షల దగ్గర పరిమితి పెట్టారు. హైదరాబాదు, మైసూరు, బరోడా వంటి కొన్నిటికి మాత్రమే ఆ పరిమితి దాటింది. కోస్తాలో ప్రజలు రాజులుగా పిలుచుకున్న విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం ప్రభువులు చట్టరీత్యా జమీందార్లు కావడంతో వారికి రాజభరణం లేదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం కింద నష్టపరిహారం మాత్రమే దక్కింది. ఆంధ్ర ప్రాంతంలో సంస్థానమన్న హోదా ఉన్నది బనగానపల్లెకు.

రాజభరణాలు ఆనాటి రాజీకి వెల. రక్తపాతం లేకుండా ఐదు వందలకు పైగా సంస్థానాలను కలుపుకోవడానికి ఇచ్చిన మాటను తరువాతి తరం ఎంతవరకు నిలుపుకోవాలన్నది 1960ల చివర పెద్ద వివాదమైంది. అప్పటికి 280 మందికి దగ్గరగా ఉన్న మాజీ పాలకులకు ఏడాదికి 4.8 కోట్ల రూపాయలు చెల్లుతున్నాయి. 1970 సెప్టెంబరులో లోక్‌సభ ఆమోదించిన రద్దు బిల్లు రాజ్యసభలో ఒక్క ఓటు కూడా పూర్తిగా లేని తేడాతో మూడింట రెండు వంతుల మెజారిటీ అందుకోలేకపోయింది. వెంటనే, తెలుగువాడైన రాష్ట్రపతి వి.వి. గిరి మాజీ పాలకులందరి గుర్తింపునూ రద్దు చేస్తూ ఉత్తర్వు జారీ చేశారు. సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరులో మాధవరావు సింధియా కేసులో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 1971 ఎన్నికల్లో ఇందిరాగాంధీ ఘనవిజయం సాధించిన తరువాత రాజ్యాంగపు 26వ సవరణ ఆ ఏడాది డిసెంబరు 28 నుంచి రాజభరణాలకూ బిరుదుల గుర్తింపుకూ ముగింపు పలికింది. మొత్తం స్వల్పమే అయినా, పుట్టుకను బట్టి పౌరుడికి ఖజానా నుంచి శాశ్వత భత్యం ఉండరాదన్న సూత్రం గణతంత్రానికి తగినదే. ఇచ్చిన మాటను తప్పిన తీరు మీద విమర్శకు మాత్రం తావుంది.

హైదరాబాదు కథలో రాజు సొత్తు ఏదన్న ప్రశ్న అంతటితో ఆగలేదు. పోలీసు చర్య జరుగుతున్న రోజుల్లోనే నిజాం ప్రభుత్వపు ఆర్థికమంత్రి లండన్ బ్యాంకులోని 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్మును అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహిమ్‌తులా ఖాతాకు బదిలీ చేశాడు. తన అనుమతి లేకుండా జరిగిందంటూ కొద్దిరోజులకే నిజాం ఆ సొమ్మును తిరిగి కోరాడు. 1957లో బ్రిటన్ ప్రభువుల సభ పాకిస్తాన్‌కు సార్వభౌమ రక్షణ ఉందంటూ కేసును నిలిపివేయడంతో ఆ డబ్బు దశాబ్దాలపాటు స్తంభించిపోయింది. 1965లో నిజాం తన హక్కును భారత రాష్ట్రపతికి రాసి ఇచ్చాడు. చివరకు 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు, వడ్డీతో దాదాపు 3.5 కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ మొత్తం మీద లాభహక్కు ఏడవ నిజాందేననీ, అప్పటికి ఒక అంగీకారానికి వచ్చిన భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ అది చెందుతుందనీ తీర్పు చెప్పింది. సంస్థానపు ఆర్థికమంత్రి కదిలించిన డబ్బు డెబ్బై ఏళ్ల తరువాత నిజాం పేరిట తేలడం, ఆ పాత గీత ఎంత మసకగా ఉండేదో చెప్పడానికి చాలు.

సర్ఫెఖాస్ పోయిన తరువాత ఏడవ నిజాం మిగిలిన ఆస్తిని వరుసగా ట్రస్టుల కింద పెట్టాడు. 1965లో ఆయన దేశరక్షణకు ఐదు టన్నుల బంగారం దానం చేశాడన్న మాట విస్తృతంగా ప్రచారంలో ఉన్నా, ప్రభుత్వ బంగారు బాండ్లలో వడ్డీకి పెట్టిన 425 కిలోల పెట్టుబడి మాత్రమే రికార్డుల్లో కనిపిస్తుంది. 1951, 1952లలో ఏర్పడిన రెండు ఆభరణాల ట్రస్టుల సొత్తును, ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యం తరువాత, 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఆరవ నిజాం కాలంలో కొనుగోలు వివాదం కలకత్తా న్యాయస్థానం దాకా వెళ్లిన 184.75 కారట్ల జేకబ్ వజ్రంతో సహా 173 వస్తువులు అందులో ఉన్నాయి. సింహాసనానివా, సొంతమా అన్న మీమాంస తీరి, అవి ఇప్పుడు నిస్సందేహంగా ప్రజల ఆస్తి. అయినా ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ కొన్ని తాత్కాలిక ప్రదర్శనలకు, చివరి పర్యాయం 2019లో ఢిల్లీ జాతీయ మ్యూజియానికి, బయటికి రావడం మినహా రిజర్వు బ్యాంకు ఖజానాలోనే ఉండిపోయాయి. వాటిని సమకూర్చిన శిస్తు కట్టినవారి మనుమలూ మునిమనుమలూ నివసిస్తున్న హైదరాబాదులో, తగిన భద్రత గల శాశ్వత ప్రదర్శనశాలలో, పూర్తి జాబితాతో సహా వాటిని నిలపవలసిన బాధ్యత కేంద్ర ప్రభుత్వానిది. ఆ పనికి ఇప్పటికే చాలా ఆలస్యమైంది.